దీవెనమ్మ నోరు తెరిస్తే

తుమ్మలగుండం మిషన్ వీధిలో ఆదివారం వచ్చిందంటే ఎవురి పని వాళ్ళకుండేది. ఆడోళ్ళు పొద్దున్నే సంగటి కెలికి, పిల్లోళ్ళ తలలకు నూనె రాసి, మగోళ్ళు గడ్డాలు గీసుకుని, తొమ్మిదింటికంతా గుడికి బయలుదేరేవాళ్ళు. గుడికి రాలేని ముసలోళ్ళు, బాలింతలు, ఎదురు వరసలో ఉండే గొర్లకాపర్ల ఇండ్లోళ్ళు మాత్రం ఒక చెవి గంట మీదేసుకుని కూచునేవాళ్ళు. గుడి గంట రెండు దెబ్బలు మోగితే చాలు, తలుపు మూలనున్న పలుపుతాడు తీసి రెండు రెక్కల కొక్కేలకూ చుట్టి ముడేసేవాళ్ళు. పలుపు లేనోళ్ళు తలుపుకు రోకలి దాపు పెట్టేవాళ్ళు. రెండు దెబ్బలంటే హెడ్మాస్టరు ఆనందయ్య కూతురు దీవెనమ్మ పాటెత్తుకోబోతోందని అర్థం.

దీవెనమ్మ పాడితే గడియలు జారిపోయేవి. పదేండ్ల వయసులో మొదలైంది అది. లోపలి గడియలు, బయటి గొళ్ళాలు, పెట్టెల కొక్కేలు, చిన్నా చితకా తాళాలు, ఇనుముతో చేసింది ఏదైనా సరే ఆ పిల్ల గొంతు వింటే పట్టు వదిలేసేది. తాడు ముడి మాత్రం వినేది కాదు. మొదటిసారి పాడినప్పుడు పాస్టరయ్య బీరువా తెరుచుకుని, దాంట్లో ఆయన దాచుకున్న బీడీ కట్టలు సంఘమంతా చూసింది. పాపం ఆయన ఆ పొద్దు ప్రసంగం సగంలో ముగించినాడు. ఊరోళ్ళు దీన్ని పెద్ద ఇదిగా ఏమీ అనుకోలేదు. "సంజీవమ్మ ఎడం చేత్తో కలుపు తీయల్యా? ఇదీ అట్లనే" అనుకుని సంతకు పోయి పలుపులు కొనుక్కొచ్చుకున్నారు. జమ్మలమడుగు సంతలో తాళ్ళమ్మే ఆయప్ప మాత్రం, మిషన్ వీధి మనిషి కనపడితే "మీ పాప సల్లంగుండాల" అని దీవించి ఒక మూర ఎక్కువ కొలిచేవాడు.

ఆ పిల్లకు పదిహేడేండ్లు వచ్చిన ఏడాది గుడ్‌ఫ్రైడే నాడు అంతా తారుమారైంది.

గుడ్‌ఫ్రైడే నాడు అక్కడ గంట కొట్టరు. ప్రభువు సిలువ మీదుండే పొద్దు గంట మూగదై ఉండాలని ఆ సంఘం పెద్దలు ఎప్పుడో పెట్టుకున్న కట్టడి. ఆ ఏడు, గుడిలో పాటలు నడిపించే ఆనందయ్య మధ్యాన్నం ఆరాధనలో కూతురికి ఒక పాట ఇచ్చినాడు. గంట కొట్టే ఆయన వచ్చి అడిగినాడు గూడా, "సార్, పాప పాడతాదంటే గంట కొట్టాల గదా?" అని. ఆనందయ్య పాటల పుస్తకంలోంచి తలెత్తకుండానే అన్నాడు, "శుక్రవారం గంటేందయ్యా? ఒక్క పాట. పట్టపగలు ఎవురి తలుపుకు ఏమవుతుంది?"

ఇక్కడ ఊరి సంగతి కొంచెం చెప్పాల. తుమ్మలగుండంలో రెండు మేడలుండేవి, పైమేడ, కిందిమేడ. పైమేడోళ్ళు ఏ పార్టీలో ఉంటే కిందిమేడోళ్ళు రెండో పార్టీలో ఉండేవాళ్ళు. వాళ్ళు కండువా మారిస్తే వీళ్ళూ మార్చేవాళ్ళు. మారనిది ఒక్కటే, చచ్చేది ఎప్పుడూ మేడలోళ్ళు కాదు. గొర్లకాపరి ఈశ్వరయ్య ఆ నెలలో కిందిమేడ గడ్డివాములు తగలబెట్టినోళ్ళను కండ్లారా చూసినాడు. చూసినోడు గమ్మునుండొచ్చు గదా, ఉండల్యా. పోలీసులడిగితే ఉండేదున్నట్టు చెప్పినాడు.

ఆ శుక్రవారం మధ్యాన్నం పైమేడ మనుషులు ఐదుగురు ఈశ్వరయ్య ఇంటి మీదికొచ్చినారు. ఈశ్వరయ్య లోపల గడియ పెట్టుకున్నాడు. ఆ తలుపు టేకుది, ఆయన భార్య పెద్దసుబ్బమ్మ పుట్టింటోళ్ళు చేయించి ఇచ్చింది. పావుగంట తన్నినా, గొడ్డలితో కొట్టినా అది కదలల్యా. ఇంక పోదాంలే అని వాళ్ళు వెనక్కి తిరుగుతాండగా, గుడిలో దీవెనమ్మ పాట అందుకుంది. వీధి పొడుగునా గడియలు జారినాయి. టేకు తలుపు దానంతటదే తెరుచుకునింది. ఈశ్వరయ్యను వాళ్ళు వంకలోకి ఈడ్చుకుపోయినారు. ఆయన మళ్ళా ఇంటికి రాల్యా.

ఎవరూ దీవెనమ్మను ఒక్క మాటనల్యా. ఆ పిల్లే నోరు మూసుకునింది. గుడిలో అందరూ లేచి పాడేటప్పుడు గూడా పెదవులు కదిపేది, గొంతు రానిచ్చేది కాదు. ఊర్లో పలుపులు మూలల్లో పడి దుమ్ము పట్టినాయి. ఎదురింట్లో ఉండే పెద్దసుబ్బమ్మ తిట్టి ఉంటే బాగుండు, జుట్టు పట్టుకుని కొట్టి ఉంటే ఇంకా బాగుండు. ఆమె ఏమీ చెయ్యల్యా. బోరింగు కాడ ఎదురైతే బిందె దించి, దీవెనమ్మ నీళ్ళు పట్టుకుని పోయేదాకా గోడ వైపు తిరిగి నిలబడేది. ఒక పొద్దు గాదు రెండు పొద్దులు గాదు, తొమ్మిదేండ్లు అట్లనే నిలబడింది.

ఇంక, ఆ తొమ్మిదేండ్ల లోపలే దీవెనమ్మ చేరిన బ్యాండు సంగతికొద్దాం.

"సర్కారు కంప" అనే ఆ బ్యాండు పుట్టింది ప్రొద్దుటూర్లో, గాంధీ రోడ్డు వెనక సందులో, కమాల్ బాషా రేడియో రిపేరు అంగట్లో. కమాల్ బాషా పిన్నమ్మ ఖమర్‌బీ కువైట్‌లో నాలుగేండ్లు ఒకరింట్లో వంట చేసి తిరిగొస్తా ఒక టేపురికార్డరు తెచ్చింది. ఆ ఇంటి పిల్లోడు మర్చిపోయిన క్యాసెట్టు ఒకటి దాంట్లోనే ఇరుక్కుని ఉండె. మీట నొక్కితే ఎవరో తెల్లోళ్ళు, గిటార్ల మీద పగబట్టినట్టు వాయిస్తా, కడుపులోంచి అరుస్తాండారు.

"పాడతాండారా, కొట్లాడతాండారా?" అనింది ఖమర్‌బీ చెవులు మూసుకుని.

"రెండూనమ్మా," అన్నాడు సాలోమోను.

సాలోమోను దీవెనమ్మకు మేనత్త కొడుకు. కలమల్ల కాడ థర్మల్‌లో కరెంటు కోసం కాల్చే బొగ్గు దించే కూలి. గుడి గిటారు వాయించేది వాడే. ఆ క్యాసెట్టు వాడు ఒకే పొద్దులో పదకొండుసార్లు విని, మర్నాడు కూలికి ఎగనామం పెట్టి మళ్ళా వచ్చి విన్నాడు. దీన్ని పంక్ అంటారని కమాల్ బాషా యాడనో పత్రికలో చదివి చెప్పినాడు. కమాల్ బాషా పాత గిటారుకు లావు తంతులు నాలుగు బిగించి బేసు చేసుకున్నాడు, చెడిపోయిన నాలుగు రేడియోలు కలిపి ఆంప్లిఫయరు చేసినాడు. పాట మధ్యలో అప్పుడప్పుడు దాంట్లోంచి కడప స్టేషను పంటల ధరలు వినపడేవి. అది గూడా పాటలో భాగమేనని జనం అనుకునేవాళ్ళు.

"మాటలు కావాల మే," అని సాలోమోను దీవెనమ్మను పట్టుకున్నాడు. "నువ్వు బడిలో పిల్లోళ్ళకు పద్యాలు చెప్తావు గదా. మాకు నాలుగు ముక్కలు రాసియ్యి."

"రాస్తా బావా. చేత్తో తాళమేస్తా. నోరు మాత్రం అడగొద్దు," అనింది దీవెనమ్మ.

ఇంక డోలు వాయించేవాడు కావాల. మొదటి ఆదివారం అంగట్లోకి డోలు భుజానేసుకుని వచ్చిందెవురంటే పుల్లన్న. ఈశ్వరయ్య తమ్ముడు. దీవెనమ్మ చేతిలో పెన్సిలు ఆగిపోయింది. సాలోమోను నేల చూపులు చూస్తా నిలబడినాడు. ఆ తిక్కలోడు ఇద్దరికీ ముందుగా చెప్పకుండా పిలుచుకొచ్చినాడు. పుల్లన్న ఒక్క నిమిషం గడపలోనే నిలబడి, చెప్పులిడిచి లోపలికొచ్చి, డోలు తాళ్ళు బిగించుకుంటా అన్నాడు, "నేను వాయించనీకి వచ్చినాక్కా. పోట్లాట ఏమన్నా ఉంటే పాటలో చేద్దాం."

బ్యాండుకు పేరు పెట్టింది దీవెనమ్మే. ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా రోడ్డుకు రెండు పక్కలా ఆ ముండ్ల సర్కారు కంప తప్ప ఇంకేముంది? ఎవరూ నాటరు, ఎవరూ నీళ్ళు పొయ్యరు, నరికితే నాలుగు పిలకలేస్తుంది. "మనమూ అంతే గదా," అనింది.

వాళ్ళ మొదటి కచేరీ జమ్మలమడుగులో, ఒక సంఘం క్రిస్మస్ చెట్టు పండగలో. మూడో చరణానికి సంఘ పెద్ద లేచొచ్చి మైకు తీగ పీకేసినాడు. రెండోది పులివెందుల కాలేజీలో. అక్కడ కరెంటే తీసేసినారు. ఆ చీకటి హాల్లో పుల్లన్న డోలు ఒక్కటే మోగుతాంటే, పిల్లోళ్ళంతా బల్లలు కొడతా అరగంట పాట అరిచినారు. తిరిగొచ్చే బస్సు వెనక ఒక జీపు ముద్దనూరు దాకా వచ్చింది. మూడోది ప్రొద్దుటూర్లో ఒక పార్టీ మీటింగు. పిలిచినోళ్ళు వీళ్ళ పాట ఎప్పుడూ విన్నోళ్ళు గాదు, లీడరొచ్చే దాకా జనాన్ని కూచోబెడతారులే అని పిలిచినారు. లీడరు ముందుగానే వచ్చి స్టేజి మీద కూచున్నాడు. సాలోమోను బొగ్గు గొంతుతో అందుకున్నాడు:

బాంబు నీది, బండి నీది,
బతుకు మాత్రం మాదేంది?
కొట్టించేది నువ్వైతే
కొట్టుకునేది మేమేంది?

దెబ్బ బాగుందని లీడరు మొదటి రెండు చరణాలకు తలాడించినాడు, కాలు గూడా ఆడించినాడు. మూడో చరణానికి అర్థమైంది. ఆ పొద్దు లీడరు మనుషుల చేతిలో సాలోమోనుకు రెండు ముందు పండ్లు రాలినాయి. కమాల్ బాషా ఆంప్లిఫయరును చొక్కాలో చుట్టుకుని గోడ దూకినాడు. మర్నాటికి ఆ నాలుగు ముక్కలు మూడు ఊర్ల ఆటోలోళ్ళ నోట్లో ఉన్నాయి.

ప్రతి ఆదివారం వాళ్ళు అంగట్లో సాధన చేసేటప్పుడు పుల్లన్న ఒక మూట తెచ్చేవాడు. వాళ్ళ వదిన పెద్దసుబ్బమ్మ కట్టిచ్చేది. జొన్నరొట్టెలు, రోట్లో నూరిన శెనిక్కాయల ఊరిబిండి. రొట్టెలు మూడే ఉండేవి. బ్యాండులో నలుగురని ఆమెకు తెలీక కాదు. మొదటివారం పుల్లన్న తన రొట్టె సగానికి తుంచి దీవెనమ్మకు చాచినాడు.

"వద్దురా పుల్లన్నా. అది నాకని కొట్టిన రొట్టె గాదు," అనింది దీవెనమ్మ. ఆమె బజారులో బన్ను తెప్పించుకుని తినింది. ఆ తర్వాత వాడు చాపల్యా, ఆమె అడగల్యా. వాడు మాత్రం ఆమె వైపు వీపు పెట్టుకుని తినేవాడు.

రెండేండ్లు గడిచినాక దీవెనమ్మ ఒక పాట రాసింది. పరీక్ష కాగితాల వెనకవైపు రాసి, సాలోమోను చేతిలో పెట్టి, అంగట్లోంచి బయటికి పోయి సందులో నిలబడింది.

గొంతు నాది, గడప నీది,
గంట లేని శుక్రవారం ఎవురిది?

సాలోమోను చదివి పుల్లన్న వైపు చూసినాడు. పుల్లన్న డోలు తాళ్ళు విప్పి మళ్ళా బిగించుకున్నాడు. తర్వాత, "వాయిద్దాం," అన్నాడు. కమాల్ బాషా దాన్ని క్యాసెట్టులో ఎక్కించినాడు. పుల్లన్న ఆ క్యాసెట్టు అడిగి తీసుకుని ఇంటికి పోయినాడు.

ఆ వారమే ఒక సందకాడ దీవెనమ్మ వాకిలి చిమ్ముతాంటే ఎదురింట్లోంచి తన మాటలే వినపడినాయి. చీపురు పట్టుకుని అట్లనే వంగి నిలబడింది. పాట అయిపోయింది. టేపు వెనక్కి తిరిగిన చప్పుడు. మళ్ళా మొదలైంది. మళ్ళా తిప్పినారు. మూడోసారి పాట నడుస్తాండగా ఎదురింటి కిటికీ రెక్క మూసుకునింది. ఆ ఆదివారం పుల్లన్న మూట విప్పుతాంటే దీవెనమ్మ ఆశ చంపుకోలేక తొంగి చూసింది. మూడు రొట్టెలే ఉన్నాయి. ఎంత పిచ్చిదాన్ని అనుకునింది.

తొంభై తొమ్మిది ఎలక్షన్లొచ్చినాయి.

తుమ్మలగుండంలో ఓట్లెట్ల పడేవంటే, పోలింగు నాడు తెల్లారకముందే పైమేడ మనుషులు మిషన్ వీధిలో రెండు వరసలకూ వచ్చి, ప్రతి ఇంటికీ బయట గొళ్ళెం పెట్టేవాళ్ళు. పొద్దు వాలినాక తీసేవాళ్ళు. లోపలోళ్ళ ఓట్లు బయటోళ్ళు గుద్దేవాళ్ళు. దీనికి పోలీసు స్టేషను కాడికి ఎవురూ పోయిందీ లేదు, పోయినా వినేవాళ్ళూ లేరు.

ఆనందయ్యకు ఈ సంగతి కండ్లతో చూసే పని ఇంతవరకు పడల్యా. హెడ్మాస్టరు గదా, ప్రతి ఎలక్షనుకూ ఆయనకు వేరే ఊర్లో డ్యూటీ పడేది. వీరపునాయునిపల్లె, వేంపల్లె, యాడయాడనో బూతుల్లో కూచుని, ముప్పై ఏండ్లు వేలమంది వేళ్ళకు సిరా పూసినాడు. ఆయన వేలికి మాత్రం ఎవురూ పూయల్యా. రిటైరైనాక ఇదే మొదటి ఎలక్షను. గుండె బాగలేదు, మందులు మింగుతాండాడు. నెల ముందు నుంచే ఓటరు లిస్టులో తన పేరు చూసుకొచ్చి, "తొంభై మూడో నంబరమ్మా, అక్షరం తప్పు లేకుండా వేసినారు," అని కూతురికి నాలుగుసార్లు చెప్పినాడు.

పోలింగు నాడు దీవెనమ్మకు చప్పుళ్ళతోనే మెలకువొచ్చింది. వీధి మొదట్నుంచి గొళ్ళాలు పడతాండాయి. ఒక్కో ఇల్లూ దాటుకుని దగ్గరికొచ్చినాయి. తమ ఇంటి కాడ గొళ్ళెం చప్పుడు కాలేదు. తలుపు అవతల తాడు రాపిడి వినపడింది.

"మూడు ముడులెయ్యి రా. ఆయమ్మ గొంతు సంగతి తెలుసు గదా."

"తొమ్మిదేండ్లాయె అన్నా, మూగదాని మాదిరుండాది. తనకు తెరుచుకోని తలుపు కోసం పాడతాదా ఏంది?"

"ఎందుకైనా మంచిది, బిగించు." తర్వాత ఆ గొంతే తలుపుకు దగ్గరగా వచ్చి మర్యాదగా అనింది, "సారూ, సందకాడ విప్పుతాం. మీ ఓటు మేమేసి పెడతాం, మీరేం శ్రమ పడొద్దు." వాడు ఆనందయ్య దగ్గర పలక పట్టుకుని అక్షరాలు దిద్దుకున్నోడే.

ఆనందయ్య అప్పటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, స్లిప్పు జేబులో పెట్టుకుని మంచం మీద కూచోనున్నాడు. గడియారం వైపు చూస్తాండాడు. ఏడైంది. వీధి చివర బడిలో పోలింగు మొదలైన చప్పుడు వినపడింది. ఆయన చొక్కా గుండీ విప్పి మళ్ళా పెట్టుకున్నాడు. దీవెనమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాయనా, నన్ను పాడమనాలని ఉండాది గదా నీకు?"

"లేదమ్మా." కొంచెం ఆగి ఆనందయ్య అన్నాడు, "ఆ పొద్దు గంట వద్దనింది నేను. పాట ఇచ్చింది నేను. తప్పు నాది, మోస్తాండేది నువ్వు. ఈ మాట తొమ్మిదేండ్ల కింద చెప్పాల్సింది. నోరు రాల్యా."

దీవెనమ్మ ఆయన పక్కన కూలబడింది. తొమ్మిదేండ్లుగా ఆమెకున్న భయం ఒక్కటే. తాను పాడితే తెరుచుకున్న తలుపులోంచి ఎవురు లోపలికి పోతారో తెలీదు. మళ్ళా ఒక ఇంట్లోంచి ఎవుర్నో ఈడ్చుకుపోతే తాను బతకలేదు. బయట వీధిలో కాపలా మనుషులు కత్తులు పట్టుకుని తిరుగుతాండారు. ఎదురింట్లో పెద్దసుబ్బమ్మ ఉండాది. ఆమె తలుపు ఇంకోసారి తాను తెరవాలా?

"మన తలుపు ఎట్లా తెరుచుకోదు నాయనా. తాడు కట్టినారు," అనింది.

"తెలుసమ్మా."

"మిగతావాళ్ళవి తెరుచుకుంటాయి. తెరుచుకుంటే ఏమవుతుందో..."

అంతలో ఎదురింట్లోంచి డోలు మోగింది. ధం. కొంచెం ఆగి, ఇంకొకటి. ధం.

అంతే, రెండు దెబ్బలే. మళ్ళా నిశ్శబ్దం.

ఆ రెండు దెబ్బలకు అర్థమేందో ఆ వీధిలో పుట్టినోళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఇంటింటా మనుషులు లేచి నిలబడినారు. కానీ ఈసారి ఎవురూ పలుపు కోసం మూలకు పోల్యా. ముసలోళ్ళు, పిల్ల తల్లులు, మగోళ్ళు అందరూ తలుపుల కాడికొచ్చి, రెక్కల మీద అరచేతులు పెట్టుకుని నిలబడినారు. తాడు కట్టినోళ్ళు అప్పటికే పోయినారు, కాపలాకు మిగిలిన మనుషులు వేరే ఊరోళ్ళు, డోలు ఎవురు కొట్టినారబ్బా అని అటూ ఇటూ చూస్తాండారు.

దీవెనమ్మ తలుపుకు నుదురానించి కండ్లు మూసుకునింది. వెనక ఆనందయ్య లేచి నిలబడి, గుడిలో పాట మొదలుపెట్టించేటప్పుడు ఎత్తేటట్టు కుడిచెయ్యి ఎత్తినాడు. సర్కారు కంప పాటలను కుక్కల అరుపులని తిట్టిన మనిషి ఆయన.

దీవెనమ్మ పాడింది. మొదటి మాట గొంతులో తుప్పు పట్టినట్టు గరగరలాడింది. రెండోది తెగింది. మూడోదానికి గొంతు దారి దొరికింది.

బాంబు నీది, బండి నీది,
బతుకు మాత్రం మాదేంది?

వీధి మొదట్లో ఒక గొళ్ళెం జారింది. దాని పక్కది జారింది. తర్వాత ఆగకుండా రెండు వరసలా వరసబెట్టి గొళ్ళాలు జారతా వచ్చినాయి. తలుపులు తోసుకుని జనం వీధిలోకొచ్చినారు. సాలోమోను వాళ్ళింట్లోంచి పళ్ళెం, గరిటె పట్టుకుని వాయించుకుంటా వచ్చినాడు. నూటయాభై మంది మధ్యలో కాపలా మనుషులు ఆరుగురు నిలబడి, ఎవురి వైపు కత్తి చూపాల్నో తెలీక, ఒకరి ముఖాలొకరు చూసుకుని మెల్లిగా పైమేడ దారి పట్టినారు. ఒకడు చెప్పు గూడా వదిలిపెట్టి పోయినాడు.

దీవెనమ్మకు ఇదంతా కనపడల్యా. ఆమె మూసిన తలుపు వెనకే నిలబడి పాడతాండాది. పాట మధ్యలో తలుపు అవతల ఎవురో ముడులతో కుస్తీ పడతాండట్టు తెలిసింది. తాడు లాగతాండారు, విసుక్కుంటాండారు, పండ్లతో కొరికి పీకతాండారు. చివరికి తాడు జారి కింద పడింది. తలుపు తెరుచుకునింది.

గడపలో పెద్దసుబ్బమ్మ నిలబడి ఉంది. పలుపు గీసుకుని పెదవి చిట్లింది. నడుములో డోలు పుల్ల దోపుకునుంది.

ఆమె వెనక నుంచి పుల్లన్న అరిచినాడు, "నేను కొట్టల్యాక్కా! నా చేతిలోంచి పుల్ల లాక్కునింది!"

దీవెనమ్మ తొమ్మిదేండ్ల తర్వాత ఆ ముఖాన్ని ఎదురుగా చూస్తాండాది.

"ఏంది అట్ల చూస్తాండావు?" అనింది పెద్దసుబ్బమ్మ. గొంతు కటువుగానే ఉంది, కండ్లల్లో నీళ్ళు నిలబడల్యా, కారిపోతాండాయి. "గడియ జార్చింది నువ్వు. కత్తి పట్టింది నువ్వు గాదు. ఈ మాట నా నోట్లోకి రానికి తొమ్మిదేండ్లు పట్టింది పాపా. ఏం చేద్దాం, నాది మొండి ప్రాణం."

"సుబ్బక్కా..." అని దీవెనమ్మ ఆమె భుజం మీద తలపెట్టి బావురుమనింది. పెద్దసుబ్బమ్మ ఒక చేత్తో వీపు నిమురుతా, ఇంకో చేత్తో తన కండ్లు తుడుచుకునింది.

ఆనందయ్య రెండు చేతులూ జోడించుకుని ముందుకొచ్చినాడు. "సుబ్బమ్మా, ఆ పొద్దు గంట వద్దనింది..."

"మీరే సార్. ఊరందరికీ తెలుసు," అనింది పెద్దసుబ్బమ్మ. "పదండి బిన్నా, ఆలస్యం చెయ్యొద్దు. లైను పెరుగుతాండాది."

ఆనందయ్య లైన్లో పద్దెనిమిదో మనిషిగా నిలబడినాడు. బూతులో సిరా పూసే కుర్ర పంతులు ఆయన ఎడమచేతి వేలు పట్టుకుని ఒక గీత గీసినాడు. "కొంచెం గోరు మీదికి రానీ నాయనా, లేకుంటే తుడిస్తే పోతుంది," అని ఆనందయ్య వానికి పద్ధతి చెప్పినాడు. బయటికొచ్చినాక ఆ వేలు ఆరేదాకా గాలికి పట్టుకుని నిలబడినాడు. ఎవురికి గుద్దినాడో కూతురికి గూడా చెప్పల్యా.

ఆ ఎలక్షన్లో గెలిచినోళ్ళు గెలిచినారు, ఓడినోళ్ళు ఆర్నెల్లకు పార్టీ మారినారు. మిషన్ వీధికి బయట గొళ్ళెం పెట్టడం మాత్రం ఆ తర్వాత జరగల్యా. ఊర్లో జనం మళ్ళా సంతకు పోయి పలుపులు కొనుక్కున్నారు. గుడ్‌ఫ్రైడే నాడు గూడా రెండు దెబ్బలు కొట్టాలని సంఘం తీర్మానం చేసింది. ప్రభువు ఏమీ అనుకోడులే అన్నాడు పాస్టరయ్య.

ఎలక్షనైన వారమే ఆదివారం ప్రొద్దుటూరు అంగట్లో నలుగురూ కూడినారు. కమాల్ బాషా ముందుగానే గల్లాపెట్టెకు, బీరువాకు, షట్టరుకు తాళ్ళు కట్టుకున్నాడు. పుల్లన్న రెండు దెబ్బలు కొట్టినాడు. దీవెనమ్మ పాడింది. సాలోమోను ఇంక పాడే పని తప్పిందని రాలిన పండ్ల సందులోంచి నవ్వుకుంటా గిటారు వాయించినాడు.

మధ్యాన్నం పుల్లన్న మూట విప్పినాడు. రొట్టెలు నాలుగున్నాయి. కమాల్ బాషా ఉన్నట్టుండి తంతులు సవరించుకోవడం మొదలుపెట్టినాడు. పుల్లన్న పైనున్న రొట్టె తీసి, ఊరిబిండి పెట్టి, దీవెనమ్మ చేతిలో పెట్టినాడు. ఈసారి ఆమె వైపు తిరిగే కూచున్నాడు.

దీవెనమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకునింది. నమల్తాండగానే కండ్లెమ్మట నీళ్ళు కారినాయి.

"కారం శానా ఎక్కువైంది," అనింది కొంగుతో తుడుచుకుంటా.

"మా వదిన ఎప్పుడూ ఇంతే కారం వేస్తాదక్కా," అన్నాడు పుల్లన్న. "నువ్వెప్పుడూ తినల్యా గదా, నీకు తెలీదు."